ఒంటి నిట్టాడు ఇల్లు... వీపున మోసుకెళ్లే ముందు!

ఊరి పేరులోనే బంగ్లా ఉంది. కానీ ఆ ఊరు దాటి నల్లమల వైపు సాగేవాళ్లకు రాత్రి కావాల్సింది బంగ్లా కాదు, గుడారం. అదీ సంచిలో పట్టేది, ఒక్క కర్ర మీద నిలబడేది అయితే మరీ మంచిది. ఈమధ్య కుర్రకారు మనసు దోచుకుంటున్న 'టిపీ' గుడారం సరిగ్గా అలాంటిదే. బొమ్మలో చూస్తే ముచ్చటేస్తుంది. మరి రేగడి నేలలో మేకు దిగుతుందా? మే నెల ఎండకు తట్టుకుంటుందా? డబ్బులు పెట్టేముందు ఒక్కసారి జూపాడు బంగ్లా దారిలో నడిచి చూడండి.

కర్నూలు నుంచి నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు వెళ్లే రోడ్డు మీద ఉంటుంది జూపాడు బంగ్లా. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక నంద్యాల జిల్లాలోకి వచ్చిన మండల కేంద్రం. శ్రీశైలం జలాశయం నీళ్లను రాయలసీమకు మళ్లించే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ ఈ మండలంలోనిదే. చుట్టూ పొలాలు, కాలువలు. తూర్పున కనుచూపు మేరలో నల్లమల కొండల నీలిగీత. ఆ గీత చూస్తే చాలు, సంచి సర్దుకోవాలనిపిస్తుంది కొందరికి.

ఈ రోడ్డుకు నడక కొత్త కాదు. ఏటా ఉగాదికి ముందు కర్ణాటక నుంచి మల్లన్న భక్తులు వేలాదిగా ఈ వైపు నుంచే శ్రీశైలానికి కాలినడకన సాగుతారు. ఆత్మకూరు దాటాక వెంకటాపురం, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం... అదీ అడవిదారి. శివరాత్రికి మనవాళ్లూ అదే బాట పడతారు. వాళ్ల భుజాన ఉండేది చిన్న మూట. ఒక దుప్పటి, జత బట్టలు, నీళ్ల సీసా. రాత్రయితే చెట్టు కిందో, దారిపక్క దాతలు వేసిన షామియానాలోనో నడుం వాల్చేస్తారు. గుడారం ఊసే ఉండదు.

వాళ్ల మూటను కాస్త గమనిస్తే తెలిసే పాఠం ఒకటుంది. ఈ దారిలో అన్నిటికన్నా విలువైన బరువు నీళ్లు. వేసవి మొదలయ్యాక రాతిదారిలో రోజంతా నడిచే మనిషికి నాలుగైదు లీటర్లు తక్కువ కాదు. అంటే నాలుగైదు కిలోలు. గుడారంలో అర కిలో తగ్గితే, అర లీటరు నీళ్లు ఎక్కువ పెట్టుకోవచ్చు. తేలిక గుడారం మోజు వెనక ఉండాల్సిన అసలు లెక్క ఇదే!

బండెడు డేరా నుంచి సంచిలోకి

డేరా అంటే ఒకప్పుడు దొరల వ్యవహారం. దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఊరూరా తిరుగుతూ గుడారాల్లోనే బస చేసేవారు. గవర్నరయ్యాకా పర్యటనలు మానలేదు. 1827 జులైలో ఇప్పటి కర్నూలు జిల్లాలోని పత్తికొండ దగ్గర కలరా సోకి కన్నుమూసింది కూడా అలాంటి పర్యటనలోనే. ఆనాటి డేరాలంటే మందపాటి నూలు గుడ్డ, లావుపాటి కర్రలు, మోకులు. మోయడానికి ఎద్దుల బండ్లు కావాల్సిందే. తడిస్తే బరువు ఇంకా పెరిగేది.

టిపీ కథ వేరు. ఉత్తర అమెరికా మైదానాల్లో అడవిదున్నల మందల వెంట తిరిగిన లకోటా వంటి తెగల ఇల్లు అది. వాళ్ల భాషలో ఆ మాటకు 'నివాసం' అనే అర్థం. కొన్ని పొడవాటి కర్రలను పైన కలిపి కట్టి, చుట్టూ దున్నతోళ్లు చుట్టేవారు. లోపల నిప్పు వేసుకుంటే, పొగ పైనున్న కంతలోంచి పోయేది. గాలి ఎటు వీచినా పొగ లోపలికి తిరగకుండా, కంతకు రెండు రెక్కలు పెట్టి వాటిని బయటి నుంచే కర్రలతో తిప్పేవారు. మంద కదిలితే ఇల్లూ విప్పుకుని కదిలేది.

అది చూసి ముచ్చటపడ్డ హెన్రీ సిబ్లీ అనే అమెరికా సైనికాధికారి, బోలెడు కర్రలకు బదులు నడుమ ఒకే కర్ర ఉండే గుడారం తయారుచేసి 1856లో పేటెంటు తీసుకున్నాడు. డజను మంది సైనికులు కాళ్లు నడిమి కర్ర వైపు పెట్టి, బండిచక్రం ఆకుల్లా పడుకునేవారు. ఈరోజు 'టిపీ టెంట్' పేరుతో అమ్ముతున్న తేలిక గుడారాలు నిజానికి ఈ ఒంటి కర్ర గుడారానికే వారసులు. దున్నతోలు పోయి నైలాన్ వచ్చింది. లావుపాటి దుంగ పోయి అల్యూమినియం గొట్టమో, నడిచేటప్పుడు ఊతంగా పట్టుకునే కర్రో వచ్చింది. ఇద్దరికి సరిపోయే రకం కర్ర కాకుండా కిలో లోపే దొరుకుతోంది. మరీ ఖరీదైన బట్టతో చేసినవైతే అరకిలోకే దిగుతాయి.

మనకు కొత్తేం కాదు

గుడిసె నడుమ నిలబెట్టి, కప్పు బరువంతా మోసే గుంజకు తెలుగులో చక్కటి పేరుంది... నిట్టాడు. ఆ లెక్కన టిపీ గుడారం అంటే ఒంటి నిట్టాడు ఇల్లే. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లు గాలివానలకు ఎదురునిలిచేదీ ఈ ఆకారంతోనే. గుండ్రటి గోడకు, దిగువదాకా వాలిన కప్పుకు గాలి పట్టుకుని ఊపేందుకు మూల అంటూ దొరకదు. పక్కలకు జారిపోతుంది. వానలో గొర్రెలకాపరి గొంగడిని మడిచి నెత్తిన కొప్పెర వేసుకుంటాడు చూడండి, అది మనిషంత టిపీ!

అడవిలోకి వెళితే చెంచుల గుడిసె ఉంది. ఆత్మకూరు దాటాక బైర్లూటి, నాగలూటి చెంచుగూడేలే. వెదురు దడితో గుండ్రటి గోడ, దాని మీద శంకువులా గడ్డి కప్పు. ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940లో నల్లమల చెంచుల మధ్య గడిపి, 1943లో వారి మీద పుస్తకం వెలువరించారు. అప్పటికి చెంచులు ఆహారం కోసం, నీటి కోసం అడవిలోనే చోటు మారుతూ బతికేవారు. అంత తిరిగే మనుషులు ఇంటిని ఎందుకు మోయలేదు? మోయాల్సిన పని లేదు కాబట్టి! వెదురు అక్కడే, గడ్డి అక్కడే, కట్టే నార అక్కడే. చేతిలో కత్తి, బుర్రలో పనితనం ఉంటే చాలు. తేలిక అంటే అదీ!

ఆ దారి ఇప్పుడు బయటివాళ్లకు లేదు. 1983 నుంచి ఈ అడవి పులుల సంరక్షణ కేంద్రం. నాగార్జునసాగర్-శ్రీశైలం పేరుతో దేశంలోని పెద్ద పులుల అడవుల్లో ఒకటిగా నిలిచింది. అడవి మీద చెంచులకున్న హక్కులను 2006 నాటి అటవీ హక్కుల చట్టం గుర్తించింది. షికారుగా వచ్చినవాళ్లు మాత్రం వెదురు బొంగు కూడా నరకడానికి వీల్లేదు. కాబట్టి 'కర్ర అక్కడ చూసుకుందాంలే' అనుకుని, కర్ర లేకుండా అమ్మే గుడారం కొనుక్కుని బయల్దేరితే రాత్రికి గుడ్డ కప్పుకుని పడుకోవాల్సిందే. నిట్టాడు ఇంటి నుంచే వెళ్లాలి. నడక కర్రతో నిలబెట్టే గుడారమైతే, ఆ కర్ర పొడవు గుడారం ఎత్తుకు సరిపోతుందో లేదో కొనేముందే కొలవాలి.

ఎంతమందికి?

దుకాణంలో 'నలుగురికి' అని రాసి ఉంటుంది. నమ్మకండి! శంకువు ఆకారంలో చిక్కు ఏమిటంటే, నేల మీద కనిపించే జాగా అంతా వాడుకునేది కాదు. చిన్న లెక్క వేద్దాం. అడుగున అడ్డంగా నాలుగు మీటర్లు, ఎత్తు 2.4 మీటర్లు ఉన్న గుడారం తీసుకోండి. నేల వైశాల్యం పన్నెండున్నర చదరపు మీటర్లు. అబ్బో అనిపిస్తుంది. కానీ కూర్చున్న మనిషి తల దాదాపు మీటరు ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తులో గుడారం అడ్డంగా 2.3 మీటర్లకు కుంచించుకుపోతుంది. అంటే తల వంచకుండా కూర్చోగలిగే చోటు నాలుగు చదరపు మీటర్ల చిల్లర. మూడో వంతు! మిగతాది సంచులకు, చెప్పులకు.

పైగా ఆ జాగాకు సరిగ్గా నడుమ నిట్టాడు. దంపతులు పక్కపక్కన పడుకోవాలన్నా అది మధ్యలో అడ్డం నిలుస్తుంది. పొడుగువాళ్లయితే తలో కాళ్లో వాలుగుడ్డకు తగిలి, తెల్లారేసరికి తడుస్తాయి. అందుకే నలుగురికి అని రాసినదాన్ని ఇద్దరు పెద్దలు, ఒక బిడ్డ అని చదువుకోవాలి. ఇద్దరికి అని రాసినది ఒక్కరికి దర్జాగా సరిపోతుంది.

గుడ్డలో ఉంది గుట్టు

తేలిక టిపీలకు ఎక్కువగా వాడేది సిలికాన్ పూత పూసిన నైలాన్. గట్టిది, చిటికెలో ముడుచుకుంటుంది. ఒకటే లోపం... తడిస్తే సాగుతుంది. సాయంత్రం డప్పులా బిగించిన గుడారం అర్ధరాత్రి వానకు వేలాడిపోతుంది. లేచి మళ్లీ తాళ్లు బిగించాలి. అదే పూత పూసిన పాలిస్టర్ అంతగా సాగదు. ఎండకూ కాస్త ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది. మన ఎండలకు అదే నయం. ఇక డైనీమా అనే బట్ట ఉంది. అన్నిటికన్నా తేలిక, నీళ్లు పీల్చదు, సాగదు. ధర వింటే మాత్రం కళ్లు తిరుగుతాయి. నెలల తరబడి కొండల్లో నడిచేవాళ్లకు తప్ప, ఏడాదికి రెండుసార్లు వెళ్లేవాళ్లకు అంత ఖర్చు అనవసరం.

నీళ్లను ఎంతవరకు ఆపుతుందన్నది మిల్లీమీటర్లలో రాస్తారు. గుడ్డ మీద అంత ఎత్తు నీళ్లు నిలిచినా లోపలికి ఉబకవని దానర్థం. కప్పుకు 1,500, నేలపట్టాకు 3,000 ఉంటే మామూలు వానకు చాలు. కుట్ల మీద టేపు అతికించారో లేదో చూడటం మర్చిపోవద్దు. ముందు కారేది కుట్ల దగ్గరే.

ఒకే పొర ఉన్న గుడారంతో ఇంకో తంటా. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అడవి అంచున రాత్రిళ్లు చల్లగా ఉంటాయి. లోపల పడుకున్నవాళ్ల ఊపిరిలోని తేమ చల్లటి గుడ్డకు తగిలి నీటిబొట్లవుతుంది. 'గుడారం కారుతోంది' అని చాలామంది దుకాణదారుతో తగువు పెట్టుకునేది దీనికే. మందు ఒక్కటే... గాలి ఆడాలి. పైన గాలికంత, కింద అంచు నేలకు బెత్తెడు ఎత్తున లేచి ఉండే ఏర్పాటు చూసుకోవాలి. కింది నుంచి చల్లగాలి వచ్చి, వేడిగాలి పై నుంచి పోతుంది. లకోటాల పొగకంత చేసిన పనే ఇక్కడా. పొగకు బదులు మన ఊపిరి, అంతే తేడా.

మంచుదేశాల వాళ్లు టిపీలో చిన్న ఇనుప పొయ్యి పెట్టి, గొట్టం బయటికి వదులుతారు. కొన్ని గుడారాలకు అందుకోసం ప్రత్యేకంగా కంత ఉంటుంది. మనకు ఆ సోకు వద్దు. ఆ కంతకు అదనంగా డబ్బూ పెట్టొద్దు. మూసిన గుడారంలో పొయ్యి వెలిగిస్తే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. నైలాన్‌కు నిప్పురవ్వ తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. ఎండాకాలం అడవిలో అగ్గిపుల్ల గీయడమే నేరం.

నేల చెప్పిన మాట వినాలి

అసలు పరీక్ష నేల దగ్గర. గుమ్మటం ఆకారపు గుడారం తన కర్రల మీద తానే నిలబడుతుంది. టిపీ అలా కాదు. చుట్టూ ఆరో ఎనిమిదో మేకులు బిగిస్తేనే నిట్టాడు నిలుస్తుంది. ఒక్క మేకు ఊడినా ఒక పక్క వాలిపోతుంది. కొన్నరోజు ఉత్సాహంగా ఇంటి మిద్దె మీద వేసి చూద్దామనుకుంటే కుదరదు. సున్నం మిద్దెకు మేకులు కొడితే ఇంట్లోవాళ్లు ఊరుకోరు!

జూపాడు బంగ్లా వైపు రేగడి ఎక్కువ. వానకు బంకలా సాగుతుంది. అందులో సన్నటి మేకు వెన్నలో పుల్లలా దిగుతుంది, అలాగే వచ్చేస్తుంది. ఎండాకాలం అదే నేల ఇటుకలా గట్టిపడి నెర్రెలు విచ్చుతుంది. గుడారంతో ఉచితంగా ఇచ్చే పలచటి అల్యూమినియం మేకులు అక్కడ వంకీలు తిరుగుతాయి. ఇంకొంచెం ముందుకెళ్లి కొండ ఎక్కితే బెత్తెడు మట్టి కింద రాయి. పోనీ శ్రీశైలం జలాశయం నీళ్లు తగ్గినప్పుడు బయటపడే సంగమేశ్వరం వైపు వెళితే, అక్కడ ఒండ్రు. మేకు పట్టు దొరకదు. ఒక్క జిల్లాలో, ఒక్క పూట ప్రయాణంలో మూడు రకాల నేలలు!

అందుకని మేకుల దగ్గర పిసినారితనం పనికిరాదు. గట్టినేలకు నాలుగైదు ఉక్కు మేకులు, మెత్తనేలకు వెడల్పాటి పొడుగు మేకులు కలిపి పెట్టుకోవాలి. కాస్త బరువు పెరుగుతుంది. పెరగనివ్వండి. రాయి మీద అయితే తాడు కొసను పెద్ద బండకు చుట్టాలి. ఒండ్రులో అయితే సంచిలో మట్టి నింపి, తాడు కట్టి పాతిపెట్టాలి. ఇందుకు నాలుగు మూరల తాడుముక్కలు అరడజను అదనంగా ఉంచుకుంటే చాలు.

తేలిక కోసం కొన్ని టిపీలకు నేలపట్టా పెట్టరు. అడుగు ఖాళీ. తేళ్లు, జెర్రులు, చీమలు, పాములు ఉన్న చోట ఆ పొదుపు ప్రమాదం. అడుగున పట్టా, చుట్టూ దోమతెర కుట్టిన లోపలి అర తప్పకుండా ఉండాలి. బరువు ఇంకో అరకిలో పెరిగినా సరే, రాత్రి నిద్రపడుతుంది. పైగా ఎండాకాలం వాన భయం లేనినాడు పై గుడ్డ మూటలోనే ఉంచి, దోమతెర ఒక్కటే వేలాడదీసుకోగలిగే రకం కొంటే ఇంకా మేలు. నలభై డిగ్రీలు దాటిన పగటి తర్వాత, నేల వేడి దిగని రాత్రి గాలి తగలడమే సుఖం.

ఎక్కడ పడితే అక్కడ కాదు

పులుల అడవిలో సొంతంగా గుడారం వేయకూడదు. భక్తులకు దారి తెరిచేది కూడా పండగ రోజుల్లోనే. బైర్లూటిలో అటవీశాఖ నడిపే జంగిల్ క్యాంపులో బస ఉంది. వానాకాలంలో అడవి సందర్శన ఆపేస్తుంటారు కాబట్టి ముందే అడిగి బయల్దేరాలి. సొంత గుడారం ముచ్చట తీరాలంటే అడవి బయట, రైతును అడిగి, కోత అయిపోయిన పొలంలో వేసుకోవడం ఉత్తమం. కాలువ గట్టు, జలాశయం అంచు వద్దు. ఎగువన ఎప్పుడు నీళ్లు వదులుతారో నిద్రపోయేవాళ్లకు తెలియదు. ఎండుకొమ్మల కింద, ఒంటరి చెట్టు కింద వద్దు. ఇప్పపూలు రాలే రోజుల్లో ఎలుగుబంట్లు ఆ చెట్ల కిందికే వస్తాయి. తినుబండారాలు గుడారంలో ఉంచొద్దు.

ఇన్నీ చూసుకున్నాక మొత్తం తూకం వేయండి. పై గుడ్డ, లోపలి అర, కర్ర, మేకులు, తాళ్లు అన్నీ కలిపి. అట్టపెట్టె మీద రాసిన బరువు చాలాసార్లు పై గుడ్డది మాత్రమే! ఇద్దరికి రెండు కిలోల లోపు తేలితే మన అవసరానికి అది మంచి గుడారం. అంతకన్నా తేలిక కోసం పట్టానో, మేకులనో వదిలేస్తే మాత్రం నష్టమే. అరకిలో తగ్గించుకోవాలంటే ముందు సంచిలోని రెండో జత ప్యాంటు, మూడో బిస్కెట్ల డబ్బా తీసేయండి. ఆ చోట్లో నీళ్లు పెట్టండి.

చెంచుగూడేల్లో ఇప్పుడు ప్రభుత్వం కట్టించిన శ్లాబు ఇళ్లున్నాయి. వాటి పక్కనే గడ్డి గుడిసె వేసుకున్నవాళ్లూ ఉన్నారు. మండే ఎండలో ఏది చల్లగా ఉంటుందో వాళ్లను ఎవరూ ఒప్పించక్కర్లేదు. ఆ గుడిసె పాతబడితే మట్టిలో కలిసిపోతుంది. మన నైలాన్ గుడారం అలా కలవదు. అందుకే చవగ్గా దొరికిందని ఒక్క సీజనుకు కొని పారేసేకన్నా, చిరిగితే అతుకు వేసుకుని పదేళ్లు వాడుకునేది కొనడం మంచిది. ఇంటికి రాగానే ఆరబెట్టి, మట్టి దులిపి, వదులుగా మడిచి పెడితే అది అన్నేళ్లూ వస్తుంది.

ఇంతకీ మొదటి రాత్రి ఎక్కడ వేసి చూడాలంటారా? అడవిలో కాదు. ఊళ్లో తెలిసినవాళ్ల కల్లంలో వేయండి. సాయంత్రం నిలబెట్టి, ఓ బిందెడు నీళ్లు పైన కుమ్మరించి, తెల్లవారేదాకా అందులో పడుకోండి. కారినా, కూలినా నవ్వేది చుట్టాలే. నిట్టాడు నిలబడిందా... ఇక నల్లమల గీత వైపు నడవొచ్చు!